గాలి వంతు

మేఘావరం కోటకి సరుకులు తోలే నూకయ్య పాత బండి విరిగిపోయింది. మామూలు ఎడ్లబండి కొనాలా, తెరచాప కట్టిన కొత్తరకం బండి కొనాలా అని ఆలుమగలు తర్జనభర్జన పడ్డారు.

"తెరచాపదే తీసుకో మావా. గాలి వీచినప్పుడన్నా ఎడ్లకి కాస్త సుఖం," అంది పైడమ్మ.

నూకయ్య సరేనన్నాడు.

ఆ సంగతి దివాను భూపాలరావు చెవిన పడింది. "బండిని సగం గాలే లాగుతుంటే ఎడ్లకి నిండు మేత దేనికి?" అంటూ కోట నుంచి వచ్చే గడ్డిని సగానికి తగ్గించేశాడు. నూకయ్య ఎంత బతిమాలినా వినలేదు. చూస్తుండగానే ఎడ్ల డొక్కలు లోపలికి పోయాయి.

అంతలో దివాను అత్తవారింట పెళ్లి వచ్చింది. పెళ్లాంబిడ్డలతో నూకయ్య బండే ఎక్కాడు. సరిగ్గా సగం దారిలో, ఎండ మాడ్చేస్తున్న బీడులో, నూకయ్య ఎడ్లను విప్పేసి, తెరచాప ఎత్తి కట్టి, బండి నీడన చతికిలబడ్డాడు.

"ఏమిట్రా ఇది? అవతల ముహూర్తం దాటిపోతోంది!"

"సగం మేత తిన్న ఎడ్లు సగం దారి లాగేశాయి దొరా. ఇక గాలి వంతు."

గడ్డిపోచ కూడా కదలడం లేదు. దివానుగారి భార్య కొంగుతో విసురుకుంటూ మొగుడి వంక గుర్రుగా చూసింది.

"ఆ గాలి ఎప్పుడొస్తుందిరా?" అన్నాడు దివాను.

"నాకేం తెలుసు దొరా? దానికి పని ఒప్పజెప్పింది తమరు కదా!"

ఇక నిండు మేతే ఇప్పిస్తానని దివానుగారి భార్యే మాటిచ్చింది. నూకయ్య ఎడ్లు కట్టి బండి కదిలించాడో లేదో, గాలి లేచింది.

అదీ ఎదురుగాలి.