పుదీనాకు చలవ ఎలా వచ్చింది

ఒకప్పుడు పుదీనాకు వాసనా లేదు, చలవా లేదు. నడుమెత్తు పెరిగి, నిటారుగా నిలబడి, వాగు ఒడ్డున గాలికి ఊగేది. మేకలు కూడా దాన్ని నోట పెట్టి ఉమ్మేసేవి.

ఆ ఒడ్డునే లచ్చుమమ్మ అనే నేతగత్తె ఉండేది. ఆ ఏడు చలి ముందే వచ్చేసింది. కొండమీది పిల్లలకు దుప్పట్లు కావాలి. లచ్చుమమ్మ పొద్దస్తమానం మెడ వంచి మగ్గం దగ్గరే కూచుంది. ఐదో రోజుకు తల పట్టేసింది. నుదుటి చుట్టూ ఎవరో తాడు బిగించినట్టు ఒకటే నొప్పి!

వాగు దగ్గరికొచ్చి కూలబడింది. "ఇంకా ఆరు దుప్పట్లున్నాయి. పిల్లలు వణికిపోతారే! నేనేం చెయ్యను?" అని ఏడ్చింది.

పుదీనాకు మనసు ఆగలేదు.

"వాగక్కా! నీ చలవ కాస్త నాకివ్వవూ? ఆమె నొప్పి తగ్గిస్తాను."

"ఇస్తానే చెల్లీ. కానీ నా చలవ కావాలంటే నువ్వు వంగి నా తడిలోనే ఉండిపోవాలి. మళ్లీ నిటారుగా నిలబడలేవు. ఆలోచించుకో."

పుదీనా ఒకసారి ఆకాశం వంక చూసింది. ఒకసారి లచ్చుమమ్మ వంక చూసింది. చటుక్కున వంగి తడిమట్టి మీద వాలిపోయింది. వేళ్లలోంచి ఆకుల్లోకి చలవ జివ్వున పాకింది. ఘాటైన వాసన గుప్పుమంది.

"అమ్మా, నా ఆకులు నలిపి కణతలకు రాసుకో!"

లచ్చుమమ్మ రాసుకుంది. ముందు చల్లగా తగిలింది. కాసేపటికి బిగిసిన తాడు వదులైనట్టయింది. "అబ్బ! ఎంత హాయిగా ఉందే తల్లీ!" అని కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

ఊళ్లో మందులిచ్చే సూరాంబ అవ్వ మాత్రం నమ్మలేదు.

"ఏ ఆకు రాసినా తగ్గేదేమో! చూస్తేగానీ చెప్పను."

తలనొప్పితో వచ్చిన పదిమందిని కూచోబెట్టింది. ఐదుగురికి పుదీనా రాసింది. ఐదుగురికి వట్టి గడ్డి నలిపి రాసింది. గడ్డి రాసినవాళ్లలో ఒక్కరికే తగ్గింది. పుదీనా రాసినవాళ్లలో నలుగురు లేచి పనికి పోయారు. మిగిలిన ఒకడి ఒళ్లు కాలిపోతోంది.

"వీడిది జ్వరం. దీనికి వేరే మందు చూడాలి" అంది అవ్వ. "పట్టేసిన తలకు మాత్రం నీ ఆకు పనిచేస్తోందే లచ్చుమీ! నిజమే!"

ఆ వారంలోనే ఆరు దుప్పట్లూ కొండమీదికి చేరాయి. పిల్లలు వెచ్చగా నిద్రపోయారు. లచ్చుమమ్మ కూడా.

అప్పటినుంచే పుదీనా తడినేల మీద వంగి పాకుతోంది. ఆకు నలిపి కణతకు రాస్తే, ఇవాళ్టికీ చల్లగా తగులుతుంది.