చుక్కాని పట్టేవాడి గొడుగు

పేరయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కారు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో ఆరా తీసి, అడిగినవాణ్ణి అక్కడికే తీసుకెళ్ళి నిలబెట్టేవారు. వంటింట్లో పుట్టిన సందేహానికి వంటింట్లోనూ, చేలో పుట్టినదానికి చేలోనూ సమాధానం దొరకాలని ఆయన నమ్మకం. పుస్తకాల్లో పుట్టిన ప్రశ్నలు పట్టుకుని వెళ్ళిన నాబోటివాళ్ళకి మాత్రం మజ్జిగ ఇచ్చి పంపేసేవారు. కాకినాడలో బి.ఏ. చదివి వచ్చిన కొత్తలో నేను అలా మూడుసార్లు మజ్జిగ తాగాను. మంచి మజ్జిగ, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు చెప్పబోయేది ఆయన శిష్యుడు సింహాద్రి అడిగిన ప్రశ్న సంగతి. ఇది సింహాద్రి నోటే విన్నాను. తన తప్పు ఎక్కడా దాచుకోకుండా చెప్పాడు కనుక నేనూ దాచను.

పేరయ్యగారి ఆశ్రమం అంటే పెద్దదేం కాదు. గాడిలంకలో కాలువ గట్టున రెండు పాకలు, ఒక పెంకుటిల్లు. ఆ ఊరికి అప్పటికింకా రోడ్డు లేదు. ఆస్పత్రికైనా, సంతకైనా, పెళ్ళికైనా కాలువ మీద ఎనిమిది మైళ్ళు పడవలో పోవలసిందే. ఆ పడవ ఆశ్రమానిది. కాలువ ఇరుకు కనుక పడవా సన్నమే. నలభై అడుగుల పొడవు, ఒక్క బార వెడల్పు. దారిలో పాత ఇటుక వంతెన ఒకటుంది. వానాకాలం కాలువ నిండితే దాని కింద కూర్చున్నవాళ్ళు సైతం తల వంచుకోవాలి. అందుకని పడవకి పైకప్పు వేసే వీలు లేదు. ముప్పై మంది బల్లల మీద ఇద్దరిద్దరు చొప్పున ముందుకి తిరిగి కూర్చుంటారు. అందరికీ వెనక, ఒక చేత్తో చుక్కాని కర్ర, ఇంకో చేత్తో ఇంజను పిడి పట్టుకుని సింహాద్రి నిలబడతాడు. వంతెన దగ్గరపడగానే "వంతెనో!" అని కేకేసి తానూ నడుం దాకా వంగుతాడు. పదకొండేళ్ళుగా అదే పని. అంతకుముందు పేరయ్యగారే నడిపేవారు.

ఆషాఢం మొదట్లో ఒక పొద్దున్న సింహాద్రి గురువుగారి ముందు కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, ఉపకారం చేసేవాడు కాస్త కృతజ్ఞత ఆశిస్తే తప్పా అండి?"

"ఎక్కడ పుట్టిందిరా ఈ ప్రశ్న?"

"నా నెత్తి మీదండి."

పేరయ్యగారు నవ్వలేదు. చెప్పమన్నట్టు చూశారు.

నెత్తిన ఏం వేసుకోవాలన్నది సింహాద్రికి నిజంగానే పెద్ద చిక్కు. నీడపట్టున కూర్చుని రాసుకునే నాకు అది చిన్న సంగతిగా తోచింది గాని, వైశాఖమాసపు ఎండలో ఒకసారి ఆ పడవ వెనక అరగంట నిలబడి చూశాక మరి అలా తోచలేదు. మొదట అతను తలపాగా చుట్టాడు. ఎండకి బాగానే ఉంది గాని వానకి నాని, నెత్తిన నీళ్ళబిందె పెట్టుకున్నట్టు అయింది. తరవాత గొడుగు. రెండు చేతులకీ పనుండగా గొడుగెవరు పడతారు? వెదురుబొంగుకి కట్టి పక్కన నిలబెట్టాడు. గాలి దాన్ని తెరచాపలా పట్టుకుని పడవని గట్టుకి ఈడ్చేసింది. పట్నం నుంచి వెడల్పు అంచు టోపీ తెప్పించాడు. అది గడ్డం కింద తాడు కట్టినా ఆగక, మూడోనాడే కాలువపాలైంది. ఆ తరవాత తాటాకు గిడుగు. అది నాట్లేసే ఆడవాళ్ళు వీపు మీద కప్పుకునేది, వంగి పనిచేసేవాళ్ళ కోసం అల్లినది. నిలబడ్డవాడికి వాననీళ్ళు తిన్నగా మెడలోకి కారతాయి. చివరికి రబ్బరు కోటు కొన్నాడు. వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు. దిగేసరికి ఎలాగూ తడిసే ఉంటాడు.

"వాన నన్నేం చెయ్యదులెండి," అన్నాడు సింహాద్రి. "ముప్పై మంది నా ముందు కూర్చుంటారండి. సంచుల్లో గొడుగులుంటాయి. ఒక్కరంటే ఒక్కరు వెనక్కొచ్చి ఒక్కరోజు నా నెత్తిన పట్టారా? వాళ్ళ నెత్తినే వేసుకోరు, నాకేం పడతారు! గొడుగు తడిసిపోతుందని దాచుకునే జనం అండి, వీళ్ళు."

ఆపైన అసలు సంగతి బయటపెట్టాడు. గోదావరి మీద యాత్రికుల లాంచీ ఒకటి కొత్తగా వస్తోంది. దాన్ని నడిపే సరంగుకి అద్దాల గది ఉంటుంది. ఎండా తగలదు, వానా తగలదు. రమ్మని అడిగారు, తొలి ఏకాదశి లోపల కబురు చెప్పాలి.

సింహాద్రి వెళ్ళిపోతే పడవ ఆగిపోతుంది. పేరయ్యగారికి డెబ్భై దాటాయి, ఆ కాలువ మెరకలూ పల్లాలూ తెలిసిన మూడో మనిషి లేడు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు.

"సరే," అన్నారు పేరయ్యగారు. "నీ దగ్గర మిగిలినవన్నీ రేపు పడవలోకి తీసుకురా. రేపు సంత. చుక్కాని నేను పడతాను. నువ్వు ముందు కొసన నావైపు తిరిగి కూర్చుని, నా నెత్తికి ఏది కుదురుతుందో చూసి చెప్పు."

మర్నాడు సింహాద్రి కోటూ, గిడుగూ, ఒక పెద్ద నల్లగొడుగూ పట్టుకుని పడవ ముందు కొసన, జనానికి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోగానే అతనికి ఒక వింత తట్టింది. పదకొండేళ్ళుగా తాను చూసినవన్నీ వీపులే. ఎవరి ముడి ఎలా ఉంటుందో, ఎవరి బట్టతల ఎంతవరకు పాకిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ మనుషుల ముఖాలు ఇంత దగ్గరగా, ఇంతసేపు ఎన్నడూ చూడలేదు.

మొదటి బల్ల మీద ఆకుకూరలమ్మే నూకాలమ్మ, గంప ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆమె పక్కన దర్జీ కాసులు, కుట్టిన రవికెల మూటతో. వాళ్ళ వెనక కాలికి కట్టు కట్టుకున్న ఒక ముసలాయన, కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి బయల్దేరాడు.

"ఏంటి సింహాద్రీ, ఇవాళ పెళ్ళికొడుకులాగ ఎదర కూర్చున్నావు?" అంది నూకాలమ్మ.

"గురువుగారికి గొడుగు ఎంచడానికి, అత్తా."

"ఆయనకెందుకు గొడుగు? సణిగేది నువ్వు కదా!"

పడవంతా నవ్వింది. ఇంజను చప్పుడులో తన సణుగుడు ఎవరికీ వినపడదని సింహాద్రి ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"ఊరుకో నూకాలమ్మా," అన్నాడు కాసులు. "నిలబడి ఒళ్ళు మాడ్చుకునేవాడు ఆమాత్రం సణుక్కోడా?"

నాలుగు మైళ్ళు పోయేసరికి మబ్బు కమ్మి వాన మొదలైంది. చినుకు కాదు, ఒకేసారి కుమ్మరించింది. సింహాద్రి కేకేసి, జనం చేతుల మీదుగా వెనక్కి పంపితే పేరయ్యగారు రబ్బరు కోటు తగిలించుకున్నారు. అందులో ఆయన బియ్యం బస్తాకి తల మొలిచినట్టు ఉన్నారట. అది చూసి నవ్వుకుంటూనే, తన మీద వాన పడుతుంటే, సింహాద్రి చెయ్యి దానంతటదే నల్లగొడుగు విప్పింది.

విప్పి ఎంతోసేపు కాలేదు. పడవ వెనక కొస నుంచి పేరయ్యగారి గొంతు వినిపించింది. అరుపు కాదది, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని ఇంట్లోవాళ్ళని అడుగుతున్నట్టుంది.

"సింహాద్రీ, వంతెన ఏదిరా?"

సింహాద్రికి అర్థం కాలేదు. అర్థమైన నూకాలమ్మ "అయ్యబాబోయ్, గొడుగు!" అని ఒక్క ఉదుటున లేచి, రెండు చేతులా గొడుగు పట్టుకుని కిందికి లాగేసింది. అందరూ తలలు వంచేశారు. పడవ కాస్త పక్కకి తిరిగింది గాని పూర్తిగా తిరగలేదు. దాని పక్కచెక్క వంతెన గోడకి రాసుకుని పెద్ద చప్పుడు చేస్తూ చీకట్లోకి దూరి, అవతల వెలుగులోకి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నూకాలమ్మ గంప మాత్రం నీళ్ళలో పడి, తోటకూర కట్టలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తేలిపోతున్నాయి.

సింహాద్రి తేలిపోతున్న కట్టల వైపు చెయ్యి చాచాడు. "అత్తా, నీ కూరలు..."

"పోనీలే. తోటకూరకి నీళ్ళు కొత్తా?" అని ఆమె గొడుగు ముడిచి అతని ఒళ్ళో పడేసింది. "ఇన్నేళ్ళు పడవ నడిపావు, ముందు కూర్చున్నవాడు గొడుగు విప్పకూడదని తెలీదూ? నిలబడ్డవాడికి దారి కనపడుతుందా?"

అప్పుడు సింహాద్రి తలెత్తి పడవలోకి చూశాడు. హోరున వాన కురుస్తోంది. ముప్పై మంది ఒళ్ళలోనూ గొడుగులున్నాయి. ముప్పై గొడుగులూ ముడిచే ఉన్నాయి. కాసులు రవికెల మూటని చొక్కా లోపల పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చున్నాడు. కట్టుకాలి ముసలాయన కాలిని తువ్వాలుతో చుట్టుకుని, నెత్తిని వానకి వదిలేశాడు. ఒకావిడ చేతిసంచీని పమిట కింద దాచింది. నుదుళ్ళ మీంచి, ముక్కుల మీంచి, గడ్డాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక నుంచి చూసినన్నాళ్ళూ ఇవేవీ అతనికి కనపడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాడు.

"ఎన్నాళ్ళేంటి? నువ్వు చుక్కాని పట్టినప్పట్నుంచీ. అంతకుముందు అయ్యగారు పట్టినప్పుడూ అంతే."

"ఎండలో కూడానా?"

"ఎండకి విప్పినా అడ్డమే కదా," అన్నాడు కాసులు.

"మరి నాకు ఒక్కరైనా చెప్పలేదేం?"

నూకాలమ్మ మొహం మీది నీళ్ళు అరచేత్తో తుడుచుకుని, వీడికెలా చెప్పాలా అన్నట్టు చూసింది.

"నువ్వు అక్కడ నిలబడి తడుస్తూ మమ్మల్ని తీసుకెళ్తుంటే, మేమూ నీకోసం తడుస్తున్నాం నాయనా అని ఏ మొహంతో చెబుతాం? సిగ్గుండొద్దూ?"

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి, నాకు కథ చెబుతున్న సింహాద్రి లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. అప్పటికతనికి అరవై దాటాయి. నేను వేరేవైపు చూస్తూ కూర్చున్నాను. నాకు నా సంగతులు కొన్ని గుర్తొచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో నా గదిలో దీపం వెలుగుతోందని పక్కవాటాలో వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. వాళ్ళది మెతక స్వభావం అనుకున్నాను. వాళ్ళ పేర్లు కూడా ఇప్పుడు జ్ఞాపకం లేవు. అది వేరే కథ.

సంత రేవులో అందరూ దిగి, కొంగులూ పంచెలూ పిండుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. పేరయ్యగారు కోటు విప్పి దులుపుకుంటుంటే సింహాద్రి ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం ఎంచావురా నాకు?"

"వంతెన దాటాక మీ వైపు చూడనే లేదండి."

"లాంచీవాళ్ళకి ఏమని కబురు పంపుతావు?"

సింహాద్రి ఆ కోటు అందుకుని మడతపెట్టాడు. "ఆ అద్దాల గదికి ముందు జనం కూర్చుంటారాండీ?" అని అడిగాడు.

"కూర్చోరనుకుంటాను. గది మేడ మీద ఉంటుందట. నీకూ దారికీ మధ్య ఎవరూ ఉండరు."

"అయితే రానని చెప్పేస్తానండి."

పేరయ్యగారు తల ఊపారు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి చుక్కాని సింహాద్రే పట్టాడు. వాన తగ్గలేదు. నూకాలమ్మ ఖాళీ చేతులతో ఎక్కుతుంటే గిడుగు తీసి ఆమె వీపున వేశాడు. కూర్చున్నవాళ్ళకి అది చక్కగా సరిపోతుంది, ఎవరికీ అడ్డం రాదు. "ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశావు," అని ఆమె అక్కడే కట్టేసుకుంది. రబ్బరు కోటు కట్టుకాలి ముసలాయన కాళ్ళ మీద కప్పాడు. తన నెత్తిన తువ్వాలు వేసుకున్నాడు.

రేవు మెట్ల మీద జనం గొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరే పడవలో కాలు పెడుతూ గొడుగు ముడుస్తున్నారు. మాటలు ఆపకుండా, తగువులు ఆపకుండా, గడప దగ్గర చెప్పులు విడిచినంత మామూలుగా ముడుస్తున్నారు. సింహాద్రి ఒక్కొక్క గొడుగే ముడుచుకోవడం చూస్తూ నిలబడ్డాడు. చివరిది ముడుచుకునేసరికి అతనికి ఎదర నీళ్ళన్నీ మసకబారాయి. తువ్వాలు అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

పేరయ్యగారు చివరి బల్ల మీద, అతని కాళ్ళ దగ్గరే కూర్చున్నారు. సింహాద్రి వంగి, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"గురువుగారూ, వీళ్ళకి ఇప్పుడు నేనేమని చెప్పాలండి?"

పేరయ్యగారు తన ముడిచిన గొడుగు ఒళ్ళో సర్దుకున్నారు.

"వంతెన వచ్చినప్పుడు చెప్పు, చాలు."