గీత దగ్గర ఆగిపోయే కాళ్లు

పశువుల పాకలో కోళ్లకి నేల మీద ఒక గూడు, అటక మీద ఒకే ఒక్క గంప. గూట్లోకి ముంగిస దూరుతుంది, అటక ఎక్కలేదు. ఆ గంప ఎవరిదో ఏటా పరుగుపందెం తేలుస్తుంది. కుడితి తొట్టి దగ్గర మొదలు, పేడకుప్ప ముందు గీత దాటితే గెలుపు. రిఫరీ గేదె.

గెలిచేది ఎప్పుడూ డేగపుంజే. పెట్టలు గీత దాకా ఉరికొచ్చి, అక్కడ ఆగి ఈకలు సవరించుకునేవి. అవి మామా అని పిలుచుకునే ఆ పుంజు దాటాకే దాటేవి.

ఈసారి గంప చుక్కలపెట్టకి కావాలి. పోయినసారి పెట్టిన గుడ్లన్నీ ముంగిస తాగేసింది. ఇప్పుడు మళ్లీ గుడ్లకొచ్చింది.

"కిందటేడు నేనే ముందున్నా పెద్దమ్మా! తీరా గీత దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి."

"ఆగవూ మరి? పెట్ట పుట్టుకే అంత. పోటీ మన ఒంటికి పడదే" అంటూనే ముసలిపెట్ట ఇద్దరు కోడళ్లని తోసేసి వానపామును లాక్కుంది.

"మరి ఇదేంటి?"

"ఇది ఆకలే, పిచ్చిదానా!"

చుక్కలపెట్ట ఆ రోజంతా పుంజునే గమనించింది. మేత కనిపిస్తే మామ ముట్టడు. మెడ నిక్కించి "కొక్కొక్కొ, రండమ్మా, తినండి!" అని పిలుస్తాడు. ముందు తాను తింటే పరువు పోతుందట. ఆ పిలుపుకి మాత్రం ఏ పెట్ట కాలూ ఆగదు.

పందెం పొద్దున చుక్కలపెట్ట చెదపురుగులు పాకుతున్న పుల్లొకటి తెచ్చి గీతకి అడుగు ఇవతల పెట్టింది.

"తప్పుకోండి, మగాళ్లొస్తున్నారు!" అని అరుస్తూ దూసుకొచ్చాడు డేగపుంజు.

"ఉన్నది నువ్వొక్కడివేగా మామా!" అంది చుక్కలపెట్ట.

పుల్ల కనబడింది. డేగ కాళ్లు టక్కున ఆగాయి. "కొక్కొక్కొ, రండమ్మా!"

పిలిచాడుగా! పెట్టలన్నీ పుల్ల మీద పడ్డాయి. చుక్కలపెట్ట పుల్లనీ గీతనీ ఒక్క గెంతులో దాటేసింది.

గేదె నెమరు ముగించి, "చుక్కలపెట్ట గెలిచింది" అంది.

"చెల్లదు! నేను ఓడిపోలేదు, మర్యాదకి ఆగాను!"

"ఇన్నేళ్లూ మేమూ ఓడిపోలేదు మామా, మర్యాదకే ఆగాం."

గేదె తోకతో ఈగని కొట్టి, తీర్పు మార్చనంది. చీకటి పడేసరికి డేగ కింద గూట్లో, ముసలిపెట్ట వెనక నక్కి ఉన్నాడు.

"పెద్దమ్మా, ఆ చప్పుడేంటి?"

"ముంగిసేమో. ముందుకు పద నాయనా, మగాడివి!"

నీతి: వెనకబడ్డవాళ్ల పుట్టుకను ఆడిపోసుకునే ముందు, వాళ్లని ఎక్కడ ఆగమని నేర్పారో కనుక్కోండి.