అరుగు మీద తొమ్మిది పొద్దులు

మొండయ్యను పులి చంపిన నాటి నుంచి బక్కన్న చేనుకు పోలేదు.

మొండయ్య అతని మేనమామ. ఆ రోజు ఇద్దరూ వాగు అవతల పత్తి ఏరుతున్నారు. ఇద్దరి మధ్య రెండు సాళ్ల దూరం. బక్కన్న వంగి, నాలుగు కాయల పత్తి ఒడిలో వేసుకుని లేచేసరికి మామ తలగుడ్డ ఒక్కటే మొక్కల మీద ఉంది. కేక లేదు. గాండ్రింపు లేదు. పిలిస్తే పలకలేదు. గంట తర్వాత, ఊరంతా డప్పులతో వెళ్లి వెతికితే, మామ శవం దొరికింది.

అప్పటి నుంచి బక్కన్న ఇల్లు కదలలేదు. గాలికి తలుపు కిర్రుమన్నా గొడ్డలి అందుకునేవాడు. చేనులో విచ్చిన పత్తి మంచుకు మాసిపోతోంది. చేసేదేం లేక భార్య దేవక్క మరో ఐదుగురు ఆడవాళ్లతో కలిసి ఏరడానికి పోతోంది. ఆమె తిరిగి వచ్చేదాకా అతనికి ముద్ద దిగదు. వచ్చాక ఆమె మొహం చూడలేడు.

ఊరి చివరి ఇల్లు సాయవ్వది. ఆ ఇంటి ముందు నుంచే చేలకు తొవ్వ. ఇల్లు దాటితే శనగ మడి, తర్వాత వాగు, వాగు దాటితే పత్తి చేలు, ఆ పైన టేకు అడవి. సాయవ్వకు డెబ్బై దాటాయి. చిన్నప్పుడే అచల మతంలో గురుబోధ తీసుకున్న మనిషి. నాలుగూళ్ల వాళ్లు ఆమెను గురువంటారు. పులి తిరుగుతోందని తెలిశాక కూడా ఆమె ఊళ్లోకి మారలేదు, తడక తలుపైనా మార్చలేదు. సాయవ్వకు భయమంటే తెలియదని ఊరు నమ్మింది. బక్కన్న కూడా నమ్మాడు.

ఒక మధ్యాహ్నం గుండె చిక్కబట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు.

"అవ్వా, నీకు భయం లేదు. ఆ మంత్రమేందో నాకు గూడ చెప్పు."

సాయవ్వ అతని చేతిలో గొడ్డలి వైపు చూసింది. "మీ ఇంటికీ నా ఇంటికీ నూరడుగులు గూడ ఉండవు. గిది ఎందుకు తెచ్చినవ్?"

బక్కన్న గొడ్డలిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"రేపటి సంది పొద్దుగాల వచ్చి ఈ అరుగు మీద కూసో. పొద్దెక్కినంక, ఏం చూసినవో నాకు చెప్పు."

"మంత్రం?"

"ముందుగాల కూసో."

మర్నాడు గొంగడి కప్పుకుని, గొడ్డలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొగమంచు శనగ మడి దాకా వచ్చి నిలబడింది. దాని వెనక ఏముందో కనబడదు. కనబడని ప్రతి చోటా పులి ఉంది. మడి గట్టున కందిచెట్ల మధ్య ఉంది, గడ్డివాము పక్కన ఉంది, వెనక గోడ చాటున ఉంది. ఎండ వచ్చేసరికి అతని దవడలు నొప్పి పుట్టాయి. అంతసేపూ పళ్లు బిగబట్టే ఉన్నాడు.

సాయవ్వ బయటికి వచ్చింది. "ఏం చూసినవ్?"

"ఏం లేదవ్వా. రాలేదు."

"నేను పులిని అడగలే. ఆ పొట్ల పాదు మీద ఏమున్నది?"

చూసి చెప్పబోయాడు. ఆమె అతని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. అంతసేపూ ఎదురుగానే ఉన్న పాదు మీద ఏముందో బక్కన్న చెప్పలేకపోయాడు. ఆమె చెయ్యి తీసేసి, అతని ఒళ్లోంచి గొడ్డలి అందుకుని, పొయ్యిలోకి నాలుగు కట్టెలు కొట్టుకుని, దాన్ని లోపలే ఉంచేసింది.

రెండో రోజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో ఒకటి చెప్పాలి గనక పాదు వైపు చూశాడు. సాలెగూళ్లు మంచుకు తెల్లబడి ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. పదకొండు. అదే చెప్పాడు. సాయవ్వ తల ఊపి రొట్టె ముక్క పెట్టింది.

మూడో రోజు, నాలుగో రోజు. ఎండ తగిలేదాకా చీమలు బయటికి రావని చూశాడు. రేగు చెట్టు కింద పళ్లను పిట్టలు ఒక పక్కే పొడుస్తాయని చూశాడు. కానీ చెవులు తెరుచుకున్న కొద్దీ భయం తగ్గకపోగా పెరిగింది. ఇంతకు ముందు వినబడని చప్పుళ్లన్నీ ఇప్పుడు వినబడుతున్నాయి. ఐదో రోజు ఇంటి వెనక ఎవరో అడుగు వేశారు. కాసేపు ఆగి, మరో అడుగు. బక్కన్న అరుగు మీంచి దూకి లోపలికి పరుగెత్తాడు. పొయ్యి దగ్గరున్న సాయవ్వను ఢీకొన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి చూపించింది. టేకు ఆకు. వెడల్పాటి ఎండుటాకులు ఒక్కొక్కటీ కింది ఆకుల మీద పడుతున్నాయి.

"ఆకు," అంది.

ఏడో రోజు వాగు దిక్కున నెమలి ఒక్కసారిగా గొంతు చించుకుని అరిచింది. ఆ వెంటనే రెల్లులోంచి అడవిపంది వచ్చి మడి గట్టు ఎక్కి పోయింది. రోజూ వినే అరుపు కాదు అది. బక్కన్న తలుపు వైపు తిరిగాడు.

"అవ్వా," అన్నాడు. "మామ పోయిన నాడు గూడ నెమళ్లు అట్లనే అరిచినయి. వాన పడుతదేమోరా అని మామ నవ్విండు. నేను గూడ నవ్విన."

సాయవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆ రోజు ఏం చూశావని అడగలేదు.

"అప్పుడు నీకు తెల్వదు బిడ్డా," అంది.

ఎనిమిదో రోజు అతను ఏడ్చాడు తప్ప ఏమీ చూడలేదు. ఆమె తిట్టలేదు.

తొమ్మిదో రోజు పొగమంచు ఎన్నడూ లేనంత దట్టంగా దిగింది. పది బారల అవతల రేగు చెట్టు ఉందో లేదో తెలియడం లేదు. సాయవ్వ కూడా గొంగడి కప్పుకుని పక్కనే కూర్చుంది. మడిలో కౌజు పిట్టలు కూస్తున్నాయి. బక్కన్న వాటిని లెక్కపెడుతున్నాడు.

వాగు మీద తీతువు పిట్ట అరిచింది. అది ఎగురుతూ అరుస్తోంది. వాగు అవతలి నుంచి ఇవతలికి వచ్చింది అరుపు. తర్వాత మద్ది చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. ఒకసారి, రెండుసార్లు, ఇక ఆగకుండా. కౌజుల కూత తెగిపోయింది. సాయవ్వ కుక్క లేచి, చెవులు వెనక్కి పెట్టి, మొరగకుండా మంచం కిందికి దూరింది.

మంచులో ఏమీ కనబడలేదు. అయినా బక్కన్నకు తెలిసింది. ఈసారి తన భయం కల్పించినది కాదు. పులి వాగు దాటి ఇవతలికి వచ్చింది. కందిచెట్ల వెంట ఉంది.

సరిగ్గా అప్పుడే ఊరి దిక్కు నుంచి ఆడవాళ్ల మాటలు వినబడ్డాయి. పత్తికి పోతున్నారు. ఇంటి వెనక నుంచి అడ్డదారి ఒకటుంది, అది నేరుగా కందిచెట్ల పక్కకే దిగుతుంది. మాటలు అటే మళ్లాయి. వాటిలో దేవక్క గొంతు ఉంది. ఎవరిదో చెప్పు తెగినట్టుంది, దేవక్క నవ్వుతోంది.

లేవాలనుకున్నాడు. రెండు చేతులతో అరుగు అంచు పట్టుకున్నాడు. అరవాలనుకున్నాడు. అరుపు రాలేదు.

"అవ్వా, నువ్వు పో," అన్నాడు. పెదవులే కదిలాయి. "నీకు భయం లేదు. నువ్వు పో."

సాయవ్వ గొంగడిలోంచి చెయ్యి తీసి అతని వేళ్లు పట్టుకుంది. వాటిని తన మణికట్టు మీద పెట్టి నొక్కింది.

ముసలి చర్మం కింద నాడి పరుగెత్తుతోంది. ఆగి ఆగి, తడబడి, మళ్లీ పరుగెత్తుతోంది. ఆమె చెయ్యి మంచు కంటే చల్లగా ఉంది. బక్కన్న ఆమె కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

అతను లేచాడు.

పరుగెత్తలేదు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసి, ఇంటి వెనక్కి నడిచాడు. అడ్డదారి మొదట్లో ఆడవాళ్లు ఎదురయ్యారు. దేవక్క అతన్ని చూసి నోరు తెరవబోయింది. బక్కన్న రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. వీపు కందిచెట్ల దిక్కు, మొహం భార్య దిక్కు. వీపు మీద చర్మం అంతా ముడుచుకుపోయింది.

"ఇనుండ్రి," అన్నాడు గుసగుసగా.

వాళ్లు విన్నారు. కొండముచ్చు ఇంకా దగ్గుతోంది. ఒక ఆడమనిషి పక్కనున్నామె కొంగు పట్టుకుంది.

"ఉరకకుండ్రి. ఒకల్నొకలు పట్టుకోండ్రి. ఎన్కకు పోదాం."

ఆరుగురినీ ముందు పెట్టుకుని, తాను వెనక ఉండి, అరుగు దాకా తెచ్చాడు. సాయవ్వ వాళ్లందరినీ లోపలికి పంపి ఇత్తడి బిందె, గరిటె తెచ్చింది. ఇద్దరూ వంతులవారీగా మోగించారు. ఊరు లేచింది, డప్పులు మోగాయి.

ఎండెక్కి పొగమంచు విడిచాక ఊరివాళ్లు కర్రలతో వచ్చారు. శనగ మడి అంతా మంచు బిందువులతో తెల్లగా మెరుస్తోంది. దాని మధ్య నుంచి ఒక పచ్చటి గీత. మంచు రాలిపోయిన దారి అది. వాగు నుంచి వచ్చి, కందిచెట్ల చివర ఆగి ఉంది. అక్కడ గడ్డి అణిగిపోయింది. పులి పొంచి పడుకున్నట్టే అణిగింది. అడ్డదారికి అక్కడి నుంచి ఆరడుగులు. మరో గీత తిరిగి వాగులోకి పోయింది.

దేవక్క ఆ అణిగిన గడ్డిని చూసి అక్కడే కూలబడింది. ఆ సాయంత్రం భర్తకు అన్నం పెట్టింది. కాసేపటికి అతని భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయినట్టు అలాగే ఉంచింది.

అటవీశాఖ వాళ్లు వచ్చి కొన్నాళ్లు చేలకు పోవద్దన్నారు. పులి పెద్ద నది దాటి పోయిందని తర్వాత తెలిసింది. మళ్లీ రాదని మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

డప్పులు మోగిన మర్నాడే, పదో రోజు, బక్కన్న చీకటి విడవక ముందే వచ్చాడు. సాయవ్వ అప్పటికే అరుగు మీద ఉంది. అతను కూర్చోలేదు. నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"ఏంది?" అంది.

"భయం పోలేదవ్వా. నిన్నటికంటె ఎక్కువైంది."

సాయవ్వ పక్కకు కొంచెం జరిగింది.

"ఉండనీ. దానికింత జాగ ఇడిసి కూసో."