గవరమ్మ బొట్టు

అనగనగా, మీ తాతల తాతలింకా గోచీ కట్టడం నేర్వని రోజుల్లో, ఓ ఊళ్లో ఓ జత పెళ్లిపీటలుండేవి. పనసచెక్కవి. ఊరంతటికీ అవే. ఎవరింట పెళ్లయినా ఆ పీటలే రావాలి, వాటి మీదే తలంబ్రాలు పడాలి.

ఆ ఊళ్లోనే గవరమ్మ ఉండేది. చెక్కసామానుకి లక్క పూసి రంగు తేవడం ఆవిడ పని. పనుంటే పిలిచేవారు, లేకపోతే పలకరించేవారు కాదు. లోకం తీరే అంత.

ఓసారి నూకాలు అనే పిల్లకి పెళ్లి కుదిరింది. పందిరేశారు, పీటలు తెచ్చారు. తెచ్చినవాళ్లు తిన్నగా ఉండొద్దూ? ఓ పీటని వంటల గాడిపొయ్యి పక్కన పెట్టి మరిచిపోయారు. అది కాలి బొగ్గయింది. వడ్రంగి ఆదరాబాదరా కొత్తది చేశాడు. పాత పీట ముదురెరుపు, కొత్త పనసేమో పసుపుముద్దలా ఉంది. పెళ్లికొడుకు నాయనమ్మ సింహాచలమ్మ చూసి, జత కలవని పీటల మీద మనవణ్ణి కూర్చోబెట్టనని ఖరాఖండిగా చెప్పేసింది. నూకాలు తల్లి ఏడుస్తూ గవరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

గవరమ్మ లక్క కాచి పూసింది. తడిమీద పాత పీటతో భలే కలిసింది. ఆరాక చూస్తే నల్లబడింది. గాజుపెంకుతో గీకేసింది, చేతులు కడుక్కుంది, మళ్లీ మొదలెట్టింది.

ఈసారి ఆరనిచ్చి చూసింది. వసారా నీడలో కలిసింది. పందిరవతల ఎండలో పెడితే కోడిజుట్టులా ఎర్రగా ఉంది. గీకేసింది, చేతులు కడుక్కుంది, మళ్లీ మొదలెట్టలేదు.

పాత పీటని ఒళ్లో పెట్టుకుని తడిమింది. అది ఒట్టి లక్క రంగు కాదర్రా! ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని పసుపూ నూనే అంటిన చేతులు పట్టుకున్నాయో, ఆ పసుపూ ఆ నూనే ఇంకి వచ్చిన రంగు. అప్పుడు ఆ పీటల మీద పెళ్లాడినవాళ్లందరినీ పిలిపించింది. లక్క పలచగా పూసి, ఆరనిచ్చి, పసుపు నూనె ఇచ్చి చేత్తో రుద్దమంది. మొగుళ్లూ పెళ్లాలూ దెప్పుకుంటూనే రుద్దారు.

సింహాచలమ్మ వచ్చింది. ఎండలో పెట్టించి చూసింది, తడిమింది, వాసన కూడా చూసింది.

"ఇదే కొత్తది" అని పెద్దావిడ పాతదాన్ని చూపించింది.

గవరమ్మ నవ్వలేదు. రెండోదాన్ని తిరగేసింది. అడుగున చెక్క పచ్చగానే ఉంది.

"అడుగునెందుకు వదిలేశావు గవరమ్మా?" అనడిగింది పెద్దావిడ.

"పైన జత కలపమన్నారు, కలిపాను తల్లీ. అడుగున కూడా పూస్తే మోసమైపోద్ది."

సింహాచలమ్మ కుంకుమ తెప్పించి, ఆ పచ్చటి చోట తనే బొట్టు పెట్టింది. ఇక బాజాలు మొదలెట్టమంది. నూకాలు తల్లి ఉన్నచోటే చతికిలబడి హాయిగా ఏడ్చింది.

గవరమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఈనాటికీ ఎవరైనా తొందరపడితే ఆ ఊళ్లో "ఆరాక చూడవయ్యా, గవరమ్మ చూడలా?" అంటారు. ఆ పీటలూ ఉన్నాయి. కొత్తదాని అడుగు కూడా ముదిరిపోయి, ఏది కొత్తదో ఏది పాతదో తెలీకుండా పోయింది. అందుకే పెళ్లికి ముందు రెండిటినీ తిరగేసి, రెండిటికీ గవరమ్మ బొట్టు పెడతారు.