పైడయ్య రెండేళ్ళ అనుభవం

దిబ్బపాలెం రాజ్యంలో, తెలివంటే మా ఇంట్లోనే పుట్టిందనుకునే కొంప ఒకటుండేది. పైడయ్య, అతని పెళ్ళాం గౌరమ్మ, తమ్ముడు సన్నాసి. ఈ కథ చెప్పేవాళ్ళు కొందరు సన్నాసే పెద్దవాడంటారు. కాదు. చిన్నవాడే. తెలీనప్పుడు చెప్పకూడదు.

అన్నదమ్ములిద్దరూ రాజుగారి ధాన్యపు కొట్టులో లెక్కలు రాసేవాళ్ళు. అన్నం కూడా ముద్దలు లెక్కపెట్టుకునే తినేవాళ్ళు. మధ్యలో పొలమారి లెక్క తప్పిందా, అంతే, మళ్ళీ ఒకటో ముద్ద నుంచి మొదలు. అందుకే ఇద్దరికీ బొజ్జలు. "మా మగాళ్ళకి తెలివి తలలో పట్టక పొట్టలోకి దిగింది" అని గౌరమ్మ వీధంతా చెప్పుకునేది.

ఆ యేడు ఏరు పొంగి కొట్టు కాస్తా నీళ్ళపాలైంది. పని పోయింది. ఏటికి అవతల గుమ్మడిపాడు రాజ్యంలో కొట్టుకి లెక్కలాయన కావాలని కబురొచ్చింది. ఇంకేముంది, ముగ్గురూ పడవెక్కేశారు.

అక్కడ లెక్కల అధికారి తమ్మన్నదొర.

"ఈ రాజ్యంలో లెక్క రాయాలంటే ఇత్తడి బిళ్ళ ఉండాలయ్యా" అన్నాడు.

"ఉంది కదా బాబూ, దిబ్బపాలెం బిళ్ళ!"

"అది అవతలి ఒడ్డునే చెల్లుతుంది. అక్కడ ఏడాది పనిచేస్తే ఇచ్చేస్తారు. ఇక్కడ రెండేళ్ళ అనుభవం కావాలి. నీకెంతుంది?"

"ఏడాది, బాబూ."

"ఆ ఏడాదైనా నిజమో కాదో చూడాలి. అక్కడ రోజూ ఏం చేసేవాడివో ఒక్కటీ వదలకుండా చేసి చూపించు."

అంతే. పైడయ్య చాప పరిచాడు. కాకిని తోలాడు. కాకి లేదు, అయినా తోలాడు. బస్తాలు లెక్కపెట్టాలి, బస్తాలూ లేవు. బంట్రోతుల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కడి నెత్తి తట్టి, వీపు మీద సుద్దతో గీత పెట్టాడు. ఇంతలో మధ్యాహ్నమైంది. అక్కడ మధ్యాహ్నం కొట్టుకి తాళం వేసి భోజనానికి వెళ్ళేవాడు కదా, ఇక్కడా దొరని లోపలే ఉంచి కచేరీకి తాళం వేసి వెళ్ళిపోయాడు.

"ఒరేయ్! తలుపు తియ్యండ్రా!" దొర లోపల్నుంచి ఒకటే బాదుడు.

"అరవకండి బాబూ" అన్నాడు సన్నాసి బయట్నుంచి. "మా కొట్టులో బస్తాలు అరిచేవి కావు."

పైడయ్య శుభ్రంగా తిని, త్రేన్చుకుంటూ వచ్చి తాళం తీశాడు. "కునుకు కూడా వదల్లేదు బాబూ, తీసే వచ్చాను."

దొర చెమట తుడుచుకున్నాడు. "సరే, నీకు ఏడాది ఉందని ఒప్పుకుంటున్నాను. ఇంకో ఏడాది తక్కువ. పో!"

సత్రానికొచ్చి ముగ్గురూ దిగాలుగా కూర్చున్నారు. గౌరమ్మే తేరుకుంది.

"ఏమయ్యా, నీకో ఏడాది. మా మరిదికో ఏడాది. కలిపితే ఎంత?"

"రెండు!"

"మరి ఏడుపెందుకు?"

ఇంకేముంది, రెండు చొక్కాలు విప్పి ఒకే చొక్కాగా కుట్టేసింది. పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ అందులో దూరి, పక్కపక్కన పీతలాగా నడుచుకుంటూ కచేరీకి వెళ్ళారు.

"ఏమిట్రా ఈ వేషం?"

"రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషిని బాబూ."

"రెండు తలలున్నాయి కదరా!"

"లెక్కలకి తలే కదా బాబూ ముఖ్యం. ఒకటి ఎక్కువే తెచ్చాం."

"ఒక్కడికే రెండేళ్ళుండాలి! ఒక్కడికే!"

"అలా చెప్పండి మరి" అని సన్నాసి చొక్కాలోంచి బయటికొచ్చాడు. "అన్నయ్యా, నా ఏడాది నీకిచ్చేశాను. తీసుకో."

"తీసుకున్నాన్రా."

దొరకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయిదు బస్తాలూ మూడు బస్తాలూ ఎంతరా?" అని సన్నాసిని అడిగాడు.

"నాకెలా తెలుస్తుంది బాబూ? ఇచ్చేశాను కదా!"

"నువ్వు చెప్పు పైడయ్యా."

"నా ఏడాది లెక్కన ఎనిమిది. తమ్ముడి ఏడాది లెక్కన ఇంకో ఎనిమిది. మొత్తం పదహారు, బాబూ."

దొర తల పట్టుకున్నాడు. "ఒరేయ్, చివరిమాట విను. మా కొట్టులో అప్పలస్వామి అని బిళ్ళ ఉన్న ముసలాయన ఉన్నాడు. వచ్చే పంటకి పని మానేస్తాడు. ఆయన దగ్గర ఏడాది చెయ్యి. నువ్వు రాసే ప్రతి లెక్కా ఆయన కళ్ళారా చూడాలి. చూడని లెక్క చెల్లదు. ఏడాది నిండితే బిళ్ళా నీదే, కొట్టు తాళమూ నీదే. లేదా, తిరుగు పడవ ఎక్కడమే."

"తిరిగెళ్తే అక్కడ కొట్టూ లేదు, కూడూ లేదు" అంది గౌరమ్మ. "జాగ్రత్తగా చెయ్యి మావా."

చేశాడు. అప్పలస్వామి చూస్తుండగా ఒక అంకె వేశాడు. ముసలాయన రెప్ప వేశాడు.

"చూళ్ళేదు! చెల్లదు!" అని పైడయ్య అంకె కొట్టేశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ రెప్ప. మళ్ళీ కొట్టేశాడు. చివరికి సన్నాసిని ముసలాయన ఎదురుగా కూర్చోబెట్టారు. రెప్ప పడితే చాలు, "రెప్ప!" అని అరవడమే వాడి పని.

"అమ్మా, కళ్ళు మండిపోతున్నాయే" అన్నాడు ముసలాయన.

"కాస్త ఓర్చుకో తాతా. మా బతుకంతా నీ రెప్పల మీదే ఉంది" అంది గౌరమ్మ.

ఎలాగో ఏడాది గడిచింది. పంట ఇంటికొచ్చింది. తమ్మన్నదొర బిళ్ళ తానే స్వయంగా పట్టుకొచ్చాడు. అప్పలస్వామి కళ్ళకి తడిగుడ్డ కట్టుకుని, తాళంచెవి దొర చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఏడాది నిండిందిరా. తీసుకో."

పైడయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు బాబూ. దొంగలెక్క మా ఇంటావంటా లేదు. తాత నిద్రపోయినంతసేపూ తీసెయ్యండి, రెప్పలు వేసినంతసేపూ తీసెయ్యండి. ఏడాది ఎక్కడ నిండింది?"

"మా ఆయన నిజాయితీ అలాంటిది" అని గౌరమ్మ కళ్ళొత్తుకుంది.

దొర ఒక్క గావుకేక పెట్టాడు. "నీ మొహం చూస్తే ఒట్టు!" అని రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, బిళ్ళ తీసి పైడయ్య మీదికి విసిరాడు.

"అయ్యో అయ్యో, కళ్ళు మూసుకుని ఇచ్చాడే! చెల్లదు!" గౌరమ్మ బిళ్ళ తీసి మళ్ళీ దొర చేతిలోనే పెట్టింది. "కళ్ళు తెరిచాక ఇవ్వండి బాబూ, మాకేం తొందర లేదు."

ముగ్గురూ ఆయన ఎదురుగా చాప పరుచుకుని కూర్చున్నారు. కొట్టు ముందు ధాన్యం బళ్ళు ఊరి పొలిమేర దాకా నిలిచిపోయాయి. ఆయన కళ్ళు తెరవడు, వీళ్ళు లేవరు. చాలాసేపటికి, వీళ్ళు పోయారో లేదోనని దొర ఒక్క కన్ను కొద్దిగా తెరిచి, వీళ్ళని చూసి గబుక్కున మూసేశాడు.

"రెప్ప!" అని అరిచాడు సన్నాసి.