చర్చికొచ్చిన తాబేలు పిల్లలు

అనగనగా ఒక ఊళ్ళో... ఉండు ఉండు, ఉత్త ఊరు కాదు, ఉప్పుగాలి కొట్టే ఊళ్ళో! ముందు కాళ్ళు ముడుచుకుని పడుకో. ఇది కుదురుగా వినే కథ కాదు పిల్లా, మధ్యలో లేచి గంతులేస్తావని నాకు తెలుసు.

ఆ ఊరి పేరు చిప్పలపాలెం. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరుగుడు తోట, మధ్యలో తెల్లగా సున్నం కొట్టిన చర్చి. ఆ చర్చిని ఊడ్చి, తుడిచి, వేళకి గంట కొట్టేది ఎస్తేరమ్మ. ఆవిడ మొగుడు యోనా పడవేసుకుని వేటకెళ్తాడు. ఊళ్ళో మగాళ్ళందరిదీ అదే పని.

ఒక క్రిస్మసుకి ఏం చేశారంటే, చర్చి గంట గోపురం మీద ఇంత పెద్ద ఫోకస్ లైటు పెట్టించారు. ఎందుకూ? చీకట్లో పడవలు దారి తప్పకుండా. ఏరొచ్చి సముద్రంలో కలిసే చోట రాళ్ళుంటాయి కదా, అక్కడే పడవలు దెబ్బతినేవి. లైటు వచ్చాక యోనా ఎంత దూరంలో ఉన్నా, "అదిగో మన చర్చి" అనుకుంటూ గుండె మీద చెయ్యేసుకుని ఇంటికొచ్చేసేవాడు.

ఆ తర్వాత చలి తగ్గుతుండగా సముద్రంలోంచి తాబేళ్ళు వచ్చాయి. మన పీటంత వెడల్పు ఉంటాయి ఒక్కొక్కటీ! ఇసకలో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోయాయి. పిల్లల కోసం ఆగవా అంటావా? ఆగవు. వాటి పద్ధతి అంతే.

అప్పుడు ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు నడుస్తున్నాయి. ఒకరోజు పొద్దున్నే ఎస్తేరమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. చూస్తే ఏముంది? చర్చి మెట్ల మీద మూడు బుల్లి తాబేళ్ళు! నీ అరచేతిలో రెండు పడతాయి, అంతంత. బుడుబుడుమని పాకుతూ తలుపు దగ్గరికొచ్చేశాయి.

"ఓలమ్మో! రండే, చూడండే!" అని అరిచింది.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చర్చి అయ్యగారు కరుణాకర్ గారు పంచె ఎగ్గట్టుకుని మరీ వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. "నోరులేని జీవాలు కూడా దేవుడి ఇంటికి వస్తున్నాయి, చూశారా!" అన్నారు. కళ్ళంట నీళ్ళు పెట్టుకున్నారు పాపం. ఎస్తేరమ్మ వాటిని సముద్రంలో వదిలి వచ్చింది.

ఇక చూసుకో సంబరం! తాబేళ్ళు ప్రార్థనకొస్తున్నాయట, వాటికి స్వాగతం చెప్పాలట! గోడల చుట్టూ సీరియల్ బల్బులు కట్టారు. గేటుకి ఎర్రవి, పచ్చవి. ఎంత తెలివితక్కువ పని చేశారో వాళ్ళకి తెలీదు. భక్తితోనే చేశారు మరి.

రెండోరోజు పొద్దున్న ముప్ఫై వచ్చాయి. వాటినీ సముద్రంలో వదిలి డప్పులు కొట్టారు.

మూడోరోజు ఆదివారం కాదు, మామూలు రోజు. ఎస్తేరమ్మ లేవడం ఆలస్యమైంది. వచ్చేసరికి ఎండెక్కింది. వాకిట్లో కాకులు గోలగోలగా ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే... ఏం చెప్పను? ఎండకి ఎండిపోయినవి కొన్ని, కాకులు పొడిచినవి కొన్ని, కాలవలో పడి పైకి రాలేకపోయినవి కొన్ని. ఎస్తేరమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది. మూకుడు నిండా ఎత్తింది చచ్చిన పిల్లల్ని.

ఆ మూకుడు తీసుకెళ్ళి అయ్యగారి ముందు పెట్టింది.

"అయ్యగారూ, ఇవి ప్రార్థనకి రావట్లేదండీ. వీటికి దారి చూపించే అమ్మ లేదు. చీకట్లో నీళ్ళ తళుకు చూసి పోయే జీవాలు, ఎటు వెలుగుంటే అటే సముద్రం అనుకుంటున్నాయి. మన లైటే వీటిని ఇటు లాగుతోంది," అంది.

అయ్యగారు మూకుడులోకి వంగి చూశారు. ఆ తర్వాత లేచి, తన చేత్తోనే సీరియల్ బల్బులన్నీ పీకేశారు. మరి పైనున్న ఫోకస్ లైటో? అదే పెద్ద తంటా అయింది.

మొదట దానికి దుప్పటి కట్టారు. గాలికి దుప్పటి ఎగిరిపోయి సరుగుడు తోటలో పడింది.

అప్పుడు లైటే ఆర్పేశారు. ఆ రాత్రి యోనా పడవ రాళ్ళకి కొట్టుకుంది. ఆ పడవలోనే ఎదురింటి రూతమ్మ మొగుడు కూడా ఉన్నాడు. ఇద్దరూ మధ్యాహ్నానికి గాని ఒడ్డు చేరలేదు, ఒళ్ళంతా గీరుకుపోయి.

రూతమ్మ అంటే ఏమనుకున్నావు? ఆవిడ నోరు విప్పితే సముద్రం కూడా రెండడుగులు వెనక్కి వెయ్యాలి! "తాబేళ్ళ కోసం మా మగాళ్ళని ముంచుతావా ఏటి?" అని ఎస్తేరమ్మ మీద విరుచుకుపడింది.

"నా మొగుడూ ఆ పడవలోనే ఉన్నాడు కదే రూతా," అంది ఎస్తేరమ్మ. లైటు మళ్ళీ వేశారు. లైటు ఉంటే పిల్లలు పోతున్నాయి, లేకపోతే మనుషులు పోయేలా ఉన్నారు. ఆవిడకి ముద్ద దిగలేదంటే నమ్ము.

ఇలా ఉండగా ఈస్టర్ ముందు రోజు, శనివారం వచ్చింది. విందుకి చేపలు తెస్తామని మగాళ్ళు పొద్దున్నే పడవలెక్కి వెళ్ళిపోయారు. ఆదివారం తెల్లారేలోపు తిరిగొచ్చేస్తామన్నారు. సాయంత్రం ఎస్తేరమ్మ విందు సామాను తోమింది. చర్చికో పెద్ద గుండిగ ఉంది, ఊరంతటికీ పలావు అందులోనే వండుతారు. దాని మూత ఎంతుంటుందనుకున్నావు? నువ్వు దాని మీద పడుకోవచ్చు! ఎస్తేరమ్మ ఆ మూత నెత్తి మీద పెట్టుకుని చర్చి వాకిట్లోంచి నడుస్తోంది. అప్పటికే చీకటి పడింది, పైన లైటు వెలుగుతోంది.

అంత దూరాన తన అరుగు మీంచి రూతమ్మ కేకేసింది. "ఎవరే అదీ? లైటు కింద ఉండి కూడా మొహం కనపడట్లేదు!"

ఎస్తేరమ్మ ఠక్కున ఆగిపోయింది. "నీకు లైటు కనపడుతోందా రూతా?"

"లైటుకేం, శుభ్రంగా కనపడుతోంది. నీ మొహమే చీకటి."

అంతే! ఎస్తేరమ్మ మూతతో సహా అయ్యగారింటికి పరుగో పరుగు! "అయ్యగారూ, మూత కింద చీకటండీ! దూరాన ఉన్నవాళ్ళకి వెలుగండీ! లైటు కింద ఈ మూత కట్టేద్దాం. ఒడ్డున చీకటి ఉంటుంది, సముద్రంలో వాళ్ళకి లైటు కనపడుతుంది!"

అయ్యగారు ముసలాయన, అయినా నిచ్చెన ఎక్కేశారు. కింద నలుగురు ఆడవాళ్ళు తాడు లాగారు. మూత ఊగుతూ ఊగుతూ పైకెళ్ళింది. గట్టిగా కట్టేశారు. ఇసకంతా చీకటైపోయింది!

"మరి రేపు పలావు మీద ఏం కప్పుతారు?" అంది రూతమ్మ.

"అరిటాకులు కప్పుదాం," అన్నారు అయ్యగారు పైనుంచి.

కానీ పిల్లా, సముద్రంలో ఉన్నవాళ్ళకి నిజంగా కనపడుతుందా? ఎవరు చూసొచ్చారు? ఎస్తేరమ్మకి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

ఈస్టర్ నాడు తెల్లారకముందే ఆ ఊరివాళ్ళందరూ కొవ్వొత్తులు పట్టుకుని, పాడుకుంటూ ఒడ్డుకి వెళ్ళి సూర్యోదయం చూస్తారు. తాతల నాటి ఆనవాయితీ. ఆరోజూ వెళ్ళారు. పడవలింకా రాలేదు. రూతమ్మ ఒకటి కాదు, మూడు కొవ్వొత్తులు కలిపి పట్టుకుంది, మొగుడికి కనపడాలని. అందరూ గొంతెత్తి పాడుతున్నారు.

అప్పుడు ఇసక కదిలింది.

ఒక తల బయటికొచ్చింది. పక్కన ఇంకోటి. ఆ తర్వాత పది, యాభై, నూరు! ఇసక ఉడుకుతున్నట్టుగా కుతకుతలాడిపోయింది! అన్నీ బయటికొచ్చి, ఇటు తిరిగాయి. ఎటు? కొవ్వొత్తుల వైపు! సముద్రానికి వీపు పెట్టి, బిలబిలమంటూ జనం కాళ్ళ మీదికి వచ్చేస్తున్నాయి!

"కదలకండి! తొక్కేస్తారు!" అని అరిచింది ఎస్తేరమ్మ. "కొవ్వొత్తులు ఆర్పండి!"

ఈస్టర్ నాడు కొవ్వొత్తి ఆర్పడమా? జనం అయ్యగారి వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఉఫ్‌మని తన కొవ్వొత్తి ఊదేశారు. ఎస్తేరమ్మ తనదీ ఊదేసింది. ఉఫ్, ఉఫ్, ఉఫ్! ఒక్కొక్కటే ఆరిపోయాయి. రూతమ్మవి మాత్రం వెలుగుతున్నాయి.

"మా ఆయన ఇంకా రాలేదే ఎస్తేరూ," అంది. ఆవిడ గొంతు వణకడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"మా ఆయనా రాలేదు," అంది ఎస్తేరమ్మ. ఆవిడకీ భయమే.

నూరు పిల్లలూ ఇప్పుడు రూతమ్మ వైపే పాకాయి. ఒకటి ఆవిడ పాదం ఎక్కేసింది. చల్లగా, మెత్తగా, చక్కిలిగింతలు పెడుతూ. రూతమ్మ కిందికి చూసింది. గోపురం వైపు చూసింది, సముద్రం వైపు చూసింది. "దేవుడా, నీదే భారం," అని మూడూ ఒక్కసారి ఊదేసింది.

చీకటి! కదలకుండా నిలబడ్డారందరూ. కాసేపటికి నీళ్ళ మీద నక్షత్రాల తళుకు కనిపించింది. తాబేలు పిల్లలు ఆగాయి. తలలు ఎత్తాయి. గిర్రున తిరిగాయి. ఇక పరుగే పరుగు! పడి, లేచి, బోర్లాపడి, ఒకదాని మీద ఒకటెక్కి, సముద్రం వైపు!

అప్పుడే టుకుటుకుటుకుమని ఇంజను చప్పుడు! చీకట్లోంచి పడవ, దాని వెనక ఇంకో పడవ, ఇంకోటి!

"ఏటే, లైటుని ఏం చేశారేటి? నక్షత్రంలా కనపడిందే!" అని యోనా కేక. "మరి కొవ్వొత్తులేవీ? పండగ మానేశారా?"

ఎస్తేరమ్మకి నవ్వో ఏడుపో తెలీలేదు. పడవలు ఒడ్డుకి వచ్చేస్తున్నాయి. తాబేలు పిల్లలు సరిగ్గా అక్కడే నీళ్ళలోకి దిగుతున్నాయి. ఆ పడవలవాళ్ళనెవరు ఆపాలి?

ఇంకెవరు, రూతమ్మ! మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, రెండు చేతులూ చాచి అరిచింది. "ఒరేయ్, ఇంజన్లు ఆపండ్రా! ఏమయ్యో, నిన్నే! కాలు కింద పెట్టావంటే ఇవాళ పలావు లేదు! పిల్లలు వెళ్తున్నారు!"

"ఎవరి పిల్లలే?" అన్నాడు ఆవిడ మొగుడు బిత్తరపోయి.

"మన చర్చి పిల్లలు!" అంది రూతమ్మ.

ఇంజన్లు ఆగిపోయాయి. అంతమంది మగాళ్ళు, రాత్రంతా వేటాడి వచ్చినవాళ్ళు, అలల మీద ఊగుతూ నోరు మూసుకుని కూర్చున్నారు. ఆఖరి పిల్ల నీళ్ళలో పడేదాకా ఎవ్వరూ పడవ దిగలేదు.

తాబేళ్ళు నీటికి,
పడవలేమో గూటికి,
పలావేమో ఆకుకి,
నువ్వేమో కునుక్కి,
కథ వెళ్ళె కంచికి,
నేను వెళ్తా మంచానికి!